ఇసుక ర్యాంపు మీద 'ఆయ్'

ఆ రోజుల్లో నాకు ఎత్తు అంటే ఏటిగట్టే. అంతకంటే ఎత్తుగా దేవుడు మట్టి ఎక్కడైనా పోసి ఉంటాడని సాంఘికం పుస్తకంలో బొమ్మ చూశాను గానీ (పదో తరగతి దాకా వెళ్ళాను, అది దాటలేదు) దాన్ని నమ్మిందీ లేదు, నమ్మకపోయిందీ లేదు. మా కోనసీమలో సైకిలుకి బ్రేకులుండేది అడ్డొచ్చే గేదెల కోసం, కోళ్ళ కోసం, పెళ్ళివారి కోసం. పల్లం కోసం కాదు. కాలవ పక్క రోడ్డెక్కితే ముక్తేశ్వరం నుంచి అమలాపురం దాకా ఒకటే తొక్కుడు, అటూ ఇటూ కొబ్బరి చెట్లు, మధ్యలో మనం. తొక్కితే ముందుకెళుతుంది, మానేస్తే ఆగుతుంది. తొక్కుతున్నా సరే వెనక్కి జారిపోయే సైకిలు ఉంటుందని, అలాంటప్పుడు మనిషికి చెమటతో పాటు కన్నీళ్ళు కూడా కారతాయని నాకెవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళు లేకపోబట్టే ధైర్యంగా ఉండేదాన్ని. ఇప్పుడన్నీ తెలిసి, మేడ మీద ఆరేసిన బట్టలు తేవడానికి కూడా పిల్లల్ని బతిమాలుకుంటున్నాను.

నాకప్పటికి ఇరవై నిండలేదు. మా ఊళ్ళో డ్రిల్లు మేస్టారింట్లో వంట చేసేదాన్ని. ఆయన బడిలో పిల్లల చేత గంతులు వేయించి వేయించి రిటైరయ్యారు. ఆ తరవాత ఎవరి చేత వేయించాలో తోచక, అమలాపురంలో ఉద్యోగాలు చేసుకునే కొందరు పెద్దమనుషుల్ని పోగేసి గేర్ల సైకిళ్ళెక్కించారు. ఆదివారం వస్తే చాలు, ఒంటికి అతుక్కుపోయే రంగురంగుల చొక్కాలు తొడుక్కుని, నెత్తిన చిప్పల్లాంటి హెల్మెట్లు బోర్లించుకుని రాజోలు దాకా వెళ్ళి, అక్కడ ఇడ్డెన్లు తిని, ఫోనులో ఫొటోలు తీసుకుని వచ్చేవారు. (వెళ్ళేది సైకిలు కోసమో ఇడ్డెన్ల కోసమో చెప్పడం కష్టం. ఒక్కరి పొట్టా తగ్గగా నేను చూడలేదు.) ఒకనాడు పొద్దున్న మేస్టారు పెసరట్టు తుంచుతూ ప్రకటించారు.

"ఈసారి కొండల మీదికమ్మా! పాడేరు ఘాటు ఎక్కుతున్నాం. అట్నుంచి అరకు. నాలుగైదు రోజుల పని. తొక్కేవాళ్ళు ఎవరి సంచీ వాళ్ళు సైకిలుకి కట్టుకుని తొక్కుతారు. వెనకాల వ్యానులో మీ అమ్మగారూ, గిన్నెలూ, బియ్యం మూటా, గ్యాసు బండా, నువ్వూ."

అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బియ్యం మూట తరవాత, గ్యాసు బండ తరవాత వచ్చాను వరసలో. అంతకుముందు ఎవరేమన్నా నవ్వి ఊరుకునేదాన్నే, ఆ గ్యాసు బండ దగ్గర మాత్రం నాకెందుకో రోషం వచ్చేసింది.

"నేనూ తొక్కుతానండీ" అన్నాను.

"ఏంటి, వ్యానా?"

"సైకిలండీ."

అమ్మగారు, అంటే మేస్టారి భార్య, వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ పకపకా నవ్వేరు. "మరి కూరెవరు వండుతారే, ఆ కొండలా?"

"తొక్కేసొచ్చి వండేస్తానండి."

మేస్టారు నవ్వలేదు. ఆయనకి అదొక గుణం ఉండేది, ఒళ్ళు వంచుతానన్న మనిషిని చూసి నవ్వేవారు కాదు. "తొక్కడం వేరు, ఎక్కడం వేరమ్మా" అన్నారు. "మా అమ్మాయి గేర్ల సైకిలు ఖాళీగానే పడుంది, తీసుకో. వెనకాల బరువు కట్టుకుని, ఇసుక ర్యాంపు కింద నుంచి గట్టు పైదాకా కాలు కింద పెట్టకుండా ఎక్కి చూపించు. బయల్దేరే ముందు ఆదివారం నేనొచ్చి గట్టు మీద నిలబడతాను. ఎక్కితే సైకిలు. కాలు పెట్టేవంటే వ్యాను. తరవాత ఏడవకూడదు."

"ఆయ్" అన్నాను.

(మా వైపు వాళ్ళు కాని వారికి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. ఆయ్ అంటే సరేనండి అని. చిత్తమండి అని. విన్నానండి అని. వినపడలేదు గానీ మళ్ళీ అడిగితే బాగుండదండి అని కూడా. మా ఊళ్ళో చంటిపిల్ల 'అమ్మ' తరవాత నేర్చేది ఈ మాటే.)

కొండల ప్రయాణం సంగతి ఇంట్లో మామ్మకి చెప్పాను. మామ్మ అంటే మా నాన్నని కన్న తల్లి. తెల్ల చీర, చేతిలో నల్లట్ట బైబిలు, ఏం చెప్పినా ముందు వద్దనడం.

"కొండలెక్కడానికి నువ్వేవన్నా మోషేవంటే?" అంది.

"మేస్టారూ అమ్మగారూ అందరూ ఉంటారే మామ్మా."

"ఉంటే? కొండల్లో నీళ్ళు పడవు. జొరాలొస్తయ్. సరే, ఆవకాయ కడతాను, పట్టికెళ్ళు. ఎక్కడ తొక్కుతున్నావు, పొద్దున్నే లేచిపోతన్నావు?"

"గట్టు మీదేనే."

ర్యాంపు కూడా గట్టులో భాగమే కదా. ఆ ర్యాంపు వైపు వెళ్ళొద్దని నా చిన్నప్పట్నుంచీ మామ్మ ఆజ్ఞ. ఇసుక లారీలు ఏట్లోకి దిగి ఎక్కడానికి గట్టు మీంచి వేసిన సిమెంటు వాలు అది. ఇసుక తవ్వకం అక్కడ ఆపేశాక లారీలు మానేశాయి, మనుషులు మానేశారు. సిమెంటు నడిమికి పగిలి గడ్డి మొలిచింది. రెండు పక్కలా తలెత్తు రెల్లు. కింద ఒకప్పుడు కూలి లెక్కలు రాసుకునే గుమస్తా పాక, దాని కప్పు ఎగిరిపోయి నాలుగు రాటలు మిగిలాయి. దాని అవతల గోదారి. ఆ గోదారి ఒడ్డునే ఊరివాళ్ళు శవాలు కాల్చే చోటు. ఇంత చదునైన దేశంలో దేవుడు నాకు ఒకే ఒక్క ఎత్తు ఇచ్చి, దాన్ని తీసుకెళ్ళి అక్కడ పెట్టాడు.

వంటకి ఎండెక్కక ముందే వెళ్ళాలి కాబట్టి, తెలతెలవారుతుండగా ర్యాంపుకి వెళ్ళేదాన్ని. ఆ ఏడు మంచు విపరీతం. గట్టెక్కి కిందికి చూస్తే గోదారీ లేదు, లంకలూ లేవు, ర్యాంపు కూడా నాలుగు బారలు కనపడి ఆపైన తెల్లగా అయిపోయేది. మా వీధి కుక్క ఒకటి నా వెనకే గట్టు దాకా తోకాడించుకుంటూ వచ్చేది, ర్యాంపు మొదలయ్యే చోట మాత్రం ఆగి కూర్చునేది. ఎంత పిలిచినా దిగేది కాదు. ఇంకో విచిత్రం, మంచులో చప్పుళ్ళకి దూరం ఉండదు. అవతల కోటిపల్లి రేవులో ఎవరో దగ్గితే నా భుజం పక్కనే దగ్గినట్టుండేది. రేవుకి అటువైపు ఎవరిదో ఫోను మోగితే నా జేబు తడుముకునేదాన్ని. (చుడీదారుకి జేబుండదన్న సంగతి కూడా ఆ భయంలో గుర్తుండేది కాదు.)

సంచీ బరువు అలవాటు కావాలని క్యారేజీకి కొబ్బరికాయల గోనె కట్టుకునేదాన్ని. అందులో మామ్మ ఎండబెట్టుకున్న కురిడీ కాయలు కూడా పడిపోయినట్టున్నాయి, సైకిలు కదిలితే చాలు లోపల ఊడిన కొబ్బరి కుడక గుడగుడలాడేది. మొదటిరోజు ఆ చప్పుడు విని, వెనకాల ఎవరో పళ్ళు కొరుకుతున్నారనుకుని సైకిలు వదిలేసి పరిగెత్తాను. సైకిలు పడింది, చప్పుడు ఆగింది. ఎత్తాను, మళ్ళీ మొదలైంది. మూట విప్పి చూసుకుని, నా తెలివికి నేనే సిగ్గుపడి మళ్ళీ కట్టుకున్నాను. అందుకే ఆ తరవాత సంగతి జరిగినప్పుడు ఇది కూడా కొబ్బరికాయే అయి ఉంటుందని చాలాసేపు అనుకున్నాను.

మొదటి రోజులు సగం కూడా ఎక్కలేదు. గేర్లలో అన్నిటికంటే తేలికది వేసినా, సిమెంటు పగిలిన చోటు దాకా వచ్చేసరికి తొడలు నిప్పులయ్యేవి, ముందు చక్రం పాములా మెలికలు తిరిగేది, కాలు దానంతటదే కిందికొచ్చేసేది. కాలు పెట్టినప్పుడల్లా కళ్ళ ముందు గ్యాసు బండ కనపడేది. దాని పక్కన నేను.

అలాగే ఒక పొద్దున్న సరిగ్గా ఆ పగులు దగ్గర, ఇంక పెట్టేస్తున్నాను కాలు అనుకుంటుండగా, వెనకాల క్యారేజీ మీద చెయ్యి పడింది.

చెయ్యి పడిందని ఎలా తెలిసిందని అడగకండి. మా వైపు పుట్టినవాళ్ళకి ఒళ్ళే చెబుతుంది. మూట కట్టిన సైకిలు గట్టెక్కుతుంటే వెనకాల నడిచొచ్చే మనిషి ఎవరైనా సరే, తెలిసినా తెలియకపోయినా, క్యారేజీ మీద ఒక చెయ్యేస్తాడు. అడగక్కర్లేదు. తిరిగి చూడక్కర్లేదు. గట్టెక్కాక 'చాలండీ' అంటే 'ఆయ్' అని తన దారిన తను పోతాడు. అదొక మర్యాద. చిన్నప్పట్నుంచీ ఎంతమంది చేతులు నా సైకిలు మీద పడ్డాయో. సైకిలు ఒక్కసారి తేలికై, పెడలు కింద బరువు చల్లగా జారిపోతుంది. ఆ రోజూ అంతే. హాయిగా ఎక్కిపోయాను. గట్టు మీదికి రాగానే అలవాటు కొద్దీ అన్నాను:

"చాలండీ, ఎక్కేశానండీ."

"ఆయ్" అని వినపడింది. మగ గొంతు. కొంచెం తడిగా.

సైకిలు దిగి, మొహం తుడుచుకుని, ఎవరో చూసి ఒక నవ్వు నవ్వుదామని తిరిగాను. ఎవరూ లేరు. మంచుకి తడిసిన సిమెంటు మీద నా చక్రాల గీత ఒక్కటే కింద నుంచి పైదాకా వంకరటింకరగా ఉంది. దాని పక్కన అడుగులు లేవు. కుక్క లేచి నిలబడి నా వెనక్కి చూస్తోంది. మొరగలేదు. తోక ఆడిస్తోంది.

మర్నాడు మానేసి ఉండాల్సింది. తెలివైనవాళ్ళు మానేస్తారు. కానీ మానేస్తే వ్యానే గతి కదా! ఎవరో చేపల వేటకొచ్చిన పెద్దాయన అయి ఉంటాడు, రెల్లులోంచి దిగిపోయుంటాడు అని నాకు నేను చెప్పుకుని వెళ్ళాను. పగులు దగ్గరికి రాగానే చెయ్యి పడింది. గట్టెక్కాక ఆయ్. ఆ తరవాత రోజూ అంతే. ఇంట్లో చెబుదామంటే మామ్మ ఏడుగురు పాస్టర్లని పిలిచి, నన్ను గదిలో పెట్టి గొళ్ళెం వేస్తుంది. మేస్టారికి చెబుదామంటే 'భయపడే మనిషివి వ్యానులో కూర్చో' అంటారు. ఎవరికీ చెప్పలేక, చివరికి ఆయనతోనే మాట్లాడ్డం మొదలెట్టాను. తిరిగి చూసే ధైర్యం లేదు గానీ మాట్లాడే నోరుంది నాకు. రోజూ సాయం చేసే మనిషిని పలకరించకపోతే ఏం బాగుంటుంది?

"మీదేవూరండీ?"

"ఆయ్."

"పొద్దున్నే లేచొస్తన్నారు, చలెయ్యట్లేదాండీ?"

"ఆయ్."

"ఇంటికాడ ఎవరెవరుంటారండీ?"

"ఆయ్."

వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటూనే ఉన్నాయి, నా నోరు మాత్రం ఆగడం లేదు. ఆ మాట గొంతులోంచి వచ్చినట్టుండేది కాదు, రెల్లులోంచి, మంచులోంచి, గోనె మూటలోంచి వచ్చినట్టుండేది. ఇలా కాదని, ఒకరోజు ఊపిరి బిగబట్టి అడిగేశాను.

"మీరు మనిషేనాండీ?"

చెయ్యి క్యారేజీ మీద అలాగే ఉంది. సైకిలు ఎక్కుతూనే ఉంది. కురిడీ కాయ గుడగుడలాడుతూనే ఉంది. మాట మాత్రం రాలేదు. గట్టు మీదికొచ్చేశాను, 'చాలండీ' అన్నాను, దానికి మాత్రం 'ఆయ్' వచ్చింది. అన్నిటికీ ఆయ్ అన్న మనిషి ఆ ఒక్కదానికీ అనలేదు. అబద్ధమాడడం ఇష్టం లేని మనిషి కాబోలు అనుకున్నాను. అనుకున్నాక గట్టు మీద కుక్క పక్కన చతికిలబడ్డాను.

ఆ మధ్యాహ్నం మామ్మ ఆవకాయ జాడీకి గుడ్డ కడుతుంటే, ఏమీ తెలియనిదాన్లా అడిగాను. "ఆ ర్యాంపు దగ్గరకి వెళ్ళొద్దంటావ్, అక్కడేవన్నా దెయ్యాలున్నాయే?"

"దెయ్యాలున్నాయి. లేవని ఎవరన్నారు? మన జోలికి రావు, అంతే" అంది మామ్మ, లెక్క తేల్చేస్తూ. "అయినా అక్కడున్నది దెయ్యవేవిటే, పాపం. ఇసక మోసే ముఠాలో పంజేసేవోడు ఒకాయన. పేరేంటో మనకి తెల్దు, ఆయ్ బాబాయ్ ఆయ్ బాబాయ్ అనీవోరు. ఏవడిగినా ఆయ్ అంటం తప్ప రెండో మాట ఎరగడు. ర్యాంపు మీద ఏ బండాగినా, ఏ సైకిలాగినా ఎనకాల చెయ్యేసేసీవోడు. కూలిచ్చినా సరే, ఇవ్వపోయినా సరే."

"ఏవయ్యేడే?"

"వరదొచ్చింది గదా ఓ ఏడు. గట్టు తెగిపోద్దని ఊరంతా ఇసక బస్తాలేసేం. ఆయనా మోసేడు. గట్టు నిలబడింది, నీళ్ళు తీసేయి. ఆయన కనపళ్ళేదు." గుడ్డకి ముడి బిగించింది. "పోయేడని ఎవరూ అన్లేదు. పోలేదనీ అన్లేదు. ఎవరింటికని వెళ్ళి చెబుతారు? ఎవరూ లేరు గదా." నా మొహంలోకి చూసింది. "ఏవే, అలాగయిపోయేవ్?"

"ఆవకాయ ఘాటే మామ్మా."

ఆ వేళంతా నేనేదో వండాను, మేస్టారూ అమ్మగారూ ఏదో తిన్నారు. పులుసులో ఉప్పు రెండుసార్లు వేశానని తరవాత తెలిసింది. నన్ను పట్టి కుదిపేసింది భయం కాదంటే నమ్ముతారా? భయం ఉంది, దాని పక్కన ఇంకోటి ఉంది. ఇన్నాళ్ళూ ర్యాంపు ఎక్కేస్తున్నానని మురిసిపోయాను కదా, అందులో నా బలమెంత, ఆయన చెయ్యెంత? పాడేరు ఘాటులో ఆయనుండడు. అంతమంది పెద్దమనుషుల ముందు, మొదటి మలుపులోనే నా సైకిలు వెనక్కి జారిపోతే? వ్యాను వచ్చి పక్కన ఆగితే? అప్పుడు అమ్మగారు తలుపు తీసి, గ్యాసు బండని కొంచెం జరిపి చోటిస్తే? ఆ చోటు తలుచుకుంటే దెయ్యం నయమనిపించింది.

చివరికి ఉండబట్టలేక మేస్టారికి చెప్పాను. అంతా కాదు, సగం. "ర్యాంపు మీద వెనక నుంచి ఎవరో తోసినట్టుంటుందండీ."

"ఏటిగాలి" అన్నారు మేస్టారు పేపరులోంచి తలెత్తకుండా. "తెల్లారేటప్పుడు నీళ్ళ మీంచి గట్టు మీదికి కొడుతుంది. వీపున గాలుంటే కొండైనా ఎక్కెయ్యొచ్చు."

"గాలి ఆయ్ అంటుందాండీ?"

పేపరు దించారు. నన్నొకసారి కిందికీ పైకీ చూశారు. "మన కోనసీమ గాలి కదమ్మా" అన్నారు. "అంటుంది." మళ్ళీ పేపరెత్తేశారు. "ఆదివారం వస్తన్నాను, తయారుగా ఉండు."

ఇంక వేరే దారి లేదు. మర్నాడు పొద్దున్న ర్యాంపు కిందికి దిగి, సైకిలెక్కకుండా, గుమస్తా పాక రాటల వైపు తిరిగి నిలబడ్డాను. ఎటు తిరిగి మాట్లాడాలో తెలియక అటు తిరిగాను. మంచు ఎంత చిక్కగా ఉందంటే నా చేతిలో హ్యాండిలుకి బెల్లున్న వైపు కనపడుతోంది, లేని వైపు కనపడ్డం లేదు. మా వైపు సాయం వద్దనడం ఎవరికీ రాదు. వద్దన్న మాట నోట్లోంచి రావాలంటే ముందు పది మర్యాదలు రావాలి.

"అండీ," అన్నాను, "తప్పుగా అనుకోకండి. మీరు చెయ్యేస్తుంటే ఎంతో సుఖంగా ఉందండి. మీలాంటివారు ఉండబట్టే... అది కాదండి. నేను కొండలెక్కాలండి. అక్కడ నా అంతట నేను ఎక్కాలండి. మీరు కొండల్లోకి రారు కదండీ?"

అని ఆగాను. వస్తానంటాడేమోనని భయం. దూరంగా రేవులో పడవకి గెడ తగిలిన చప్పుడు, చెవి పక్కనే తగిలినట్టు.

"అందుకని ఇంక చెయ్యెయ్యకండి. నేను పడిపోయినా సరే, ఎయ్యకండి. ఏవనుకోకండేం."

రెల్లు ఒక్కచోట కొంచెం వంగి, మళ్ళీ లేచింది. అప్పుడు, ఇదివరకెన్నడూ లేనంత మెల్లగా, "ఆయ్."

ఆ మాటలో ఏముందో నాకిప్పటికీ చెప్పడం చేతకాదు. అన్నం తినే మనిషి ముందు నుంచి కంచం లాక్కున్నట్టనిపించింది. సైకిలెక్కి తొక్కాను. పగులు దగ్గర చెయ్యి పడలేదు. మాట మీద నిలబడే మనిషి. నేను మాత్రం నిలబడలేదు, సైకిలూ నేనూ కొబ్బరికాయలూ దొర్లుకుంటూ పాక దాకా వెళ్ళాం. మోచేతులు గీరుకుపోయాయి. మర్నాడూ పడ్డాను, ఆపై రోజూ పడ్డాను. పడ్డ ప్రతిసారీ, ఒక్కసారి పిలిస్తే చాలు కదా అని నోటిదాకా వచ్చేది. పెదాలు బిగబట్టి లేచేదాన్ని. ఇంట్లో మామ్మ నా మోచేతులు చూసి, "గట్టు మీదే తొక్కుతున్నావా, గట్టుతో కొట్టుకుంటన్నావా?" అంది.

ఆదివారం వచ్చింది. మామ్మ ప్రార్థన గుడికి వెళ్ళే చీర మడత విప్పుతుండగానే నేను బయటపడ్డాను. మేస్టారు అప్పటికే గట్టు మీద, మెళ్ళో ఈల వేసుకుని, మంకీ టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నారు. పక్కన కుక్క. "బరువు కట్టేవా? వెళ్ళు. ఈల వెయ్యగానే మొదలెట్టు" అన్నారు. కిందికి దిగితే ఇద్దరూ మాయమైపోయారు. తెల్లదనంలోంచి ఈల మాత్రం వచ్చింది.

తొక్కాను. మొదటి సగం ఎప్పటిలాగే గడిచింది. పగులు దగ్గరికొచ్చేసరికి చక్రం మెలికలు మొదలెట్టింది, తొడలు నావి కాకుండా పోయాయి, ఊపిరి కుక్కలా వస్తోంది. వద్దన్నది నేనే అయినా, ఆ చోటికి రాగానే ఒళ్ళంతా వెనక్కి ఆ చెయ్యి కోసం చూసింది. చెయ్యి పడలేదు. ఎడమ కాలు కిందికి వస్తోంది. వచ్చేస్తోంది. అప్పుడు వినపడింది.

తప్. తప్. తప్.

తడి సిమెంటు మీద ఉత్తకాళ్ళ చప్పుడు. నా వెనకే, క్యారేజీకి జానెడు దూరంలో, నేనెంత మెల్లగా ఎక్కుతున్నానో అంత మెల్లగా. చెయ్యి మాత్రం వెయ్యడం లేదు. ముట్టుకోకుండా, అలా అని పోకుండా, తన చెయ్యి తనే కట్టేసుకుని నడిచొస్తున్న మనిషి ఊపిరి నా మెడకి చల్లగా తగులుతోంది. ఆ మనిషికి అది ఎంత కష్టంగా ఉంటుందో తెలిసి, నా కష్టం నాకు చిన్నదైపోయింది. భయమో, సిగ్గో, ఇంకేదో గానీ, కిందికొచ్చే కాలుని మళ్ళీ పెడలు మీదికి లాక్కున్నాను. ఏడుస్తూ తొక్కాను. పెద్దగానే ఏడ్చాను. మంచు పల్చబడింది, మేస్టారి మంకీ టోపీ కనపడింది, చక్రం గట్టు మట్టి మీదికెక్కింది.

"శభాషమ్మా!" అన్నారు మేస్టారు. ఈల ఊదడం మర్చిపోయి చప్పట్లు కొట్టారు. తరవాత నా భుజం మీంచి వెనక్కి చూస్తూ మామూలుగా అన్నారు:

"చెయ్యెయ్యకుండా భలే నడిచొచ్చేడు ఆయన. ఎవరమ్మా? పిలు, రేవులో టీ తాగుదురు గాని."

నేను తిరగలేదు. ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాను. మేస్టారి చూపు ర్యాంపు మీద కిందికి వెళ్ళింది, రెల్లులోకి వెళ్ళింది, మళ్ళీ పైకి వచ్చింది, నా చక్రాల గీత దగ్గర ఆగింది. మంకీ టోపీ సర్దుకున్నారు. కుక్క తోకాడిస్తూనే ఉంది.

"గాలి" అన్నారు మేస్టారు, గొంతు సవరించుకుని.

"ఆయ్" అన్నాను నేను.

టీ తాగకుండానే ఇద్దరం ఇళ్ళకి వచ్చేశాం. ఆయన నాకంటే ముందు నడిచారు. ఆ సంగతి ఆ తరవాత ఇద్దరం ఎత్తలేదు.

మాట్లాడుకున్న మాట ప్రకారం నేను సైకిలు మీదే వెళ్ళాను. రాత్రి రైల్లో సైకిళ్ళతో సహా వచ్చి చీకట్లోనే దిగాం. పాడేరు ఘాటు కిందున్న మాడుగుల వైపు వెళ్ళే రోడ్డున పెద్దమనుషులంతా వరసగా తొక్కుతున్నారు, అందరికంటే వెనక నేను, నా వెనక వ్యానులో అమ్మగారు. పొద్దెక్కుతోంది. ఎదురుగా ఆకాశం కింద నల్లగా, నీలంగా, చాలా పొడుగ్గా ఏదో లేచి కూర్చుంది. మా గోదారి మీద తుపాను ముందర అలాగే వస్తుంది. గబగబా తొక్కి మేస్టారిని అందుకున్నాను.

"మేస్టారూ, పెద్ద వానొచ్చేలా ఉందండీ. ఎక్కడైనా ఆగుదామాండీ? కొండలు తడవకముందే వెళ్ళిపోదామాండీ?"

మేస్టారు తొక్కుతూనే నా వైపు తిరిగారు. నవ్వకుండా ఉండడానికి ఆయన ఎంత కష్టపడ్డారో ఆ మీసాలకే తెలియాలి. "అది మబ్బు కాదమ్మా" అన్నారు. "అవే కొండలు."

కాళ్ళు ఆడడం మానేశాయి. ఆ మబ్బులోకి ఎక్కాలా నేను! ముందువాళ్ళు దూరమైపోతున్నారు, వెనకాల వ్యాను మెల్లగా హారను కొట్టింది. అమ్మగారు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏవే, ఎక్కుతావా?" అని అరిచారు. వ్యానెక్కుతావా అన్నారో, కొండెక్కుతావా అన్నారో నాకు తెలియలేదు. ఎక్కుతానండీ అని అరిచి, గేరు మార్చి, తుపాను మబ్బు అనుకున్న దాని వైపు తొక్కుకుంటూ పోయింది ఆ పిల్ల. మోచేతుల నిండా పెచ్చులు, సంచీలో ఆవకాయ, కొండంటే ఏంటో తెలియని మొహం. ఇప్పుడు ఎవరైనా ఇన్నేళ్ళలోంచి అసలైన నన్ను వెతికి తెచ్చుకోమంటే, ఆ రోడ్డు మీద ఆ కాస్సేపు ఉన్నదాన్నే తెచ్చుకుంటాను. మిగతా అంతా మేడ మెట్ల దగ్గర నిలబడి ఆయాసపడుతున్న ఈవిడే కదా.